ఏఐ మెచ్చిన తెర

"నీ డిజైన్ తీసేస్తున్నాం మేదినీ. ఏఐ గీసిందే ఈ సాయంత్రం యాప్‌లోకి పోతుంది," అన్నాడు టీమ్ పెద్ద ఉల్లాస్.

ముసలివాళ్లు రక్తపరీక్షకి మనిషిని ఇంటికి పిలిపించుకునే యాప్ అది. మేదిని నెలల తరబడి దాని తెర డిజైన్ మీదే కూర్చుంది.

"అదే బాగుందని తేల్చిందెవరు సార్?"

"ఏఐనే అడిగాను. వందమంది ముసలివాళ్లలా ఆలోచించి, ఎందుకు నచ్చిందో చెప్పమన్నాను. అందరికీ నచ్చిందట. రోషం మానేసి కాఫీ తాగు తల్లీ."

మేదిని అతని లాప్‌టాప్ లాక్కుంది. ఏఐ గీసిన ఆ తెర బొమ్మే పెట్టి, "ఇది ముసలివాళ్లకి ఎందుకు పనికిరాదు?" అని కొట్టింది. ఏఐ టకటకా తప్పులన్నీ ఏకరువు పెట్టింది.

ఉల్లాస్ ముఖం మాడిపోయింది. "మరి నీదాని గురించి కూడా అడుగు!"

"నిన్ననే అడిగాను. ఎందుకు బాగుందో చెప్పమంటే ఆకాశానికెత్తేసింది. నేనూ మురిసిపోయాను, మీలాగే."

ఆ మాట నోట్లోంచి వచ్చాకగానీ, తానెంత తేలిగ్గా ఆ పొగడ్తకి పడిపోయిందో ఆమెకే తెలియలేదు.

రెండు డిజైన్లూ ఫోన్లో వేసుకుని లేచింది. "జయనగర్ పార్కులో ఈ వేళకి తాతలూ అవ్వలూ ఉంటారు. పదండి."

"అక్కడ నీదే ఓడిపోతే?"

"ఓడిపోనీండి సార్. వేళ్లు వణికే మనుషుల చేతిలో ఓడతాను. అడిగినవాడికల్లా తలూపేదాని మాట మీద గెలుపు కూడా నాకొద్దు."