జోగమ్మ వాకింగు

"నీకేటైనా బుద్దుందా? ఊరంతా తలుపులేసుకుని కూకుంటే నీకు షికారు కావాల్సొచ్చిందా?" గడపలో అడ్డంగా నిలబడి అసిరయ్య అరిచాడు.

జోగమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది.

"నిన్నే! కరోనా వత్తే ఏటి సేత్తావు?"

"కేన్సరున్నదాన్ని, నాకు కరోనా ఒక లెక్కేటి? నడవకపోతే కండ కరిగిపోద్ది, ఎముకలు గుల్లయిపోతాయని విశాఖ డాక్టరు సెప్పినాడు. దారిలో పడిపోతే లేపడానికి మడిసుండాల. నువ్వూ రా. ముందీ మాత్ర మింగు."

కిడ్నీ మాత్ర. విశాఖ వెళ్లినప్పుడే అతనికీ పరీక్షలు చేసి రాశారు. ఉద్దానంలో అలాంటి మాత్ర లేని ఇల్లేది? అసిరయ్య చూడకుండానే గుటుక్కున మింగేశాడు.

"నాకే గానీ నీ రోగమొస్తే మంచం దిగను. మా అన్న నూకయ్యని సూసినావు గదా. కేన్సరని సెప్పిన రోజే ముసుగుతన్ని పడుకున్నాడు. నెల తిరక్కుండా పోయినాడు. ఎంత నడిసినా ఎవుడు తప్పించుకుంటాడే!"

"నోరు మూసుకుని నడవయ్యా!" జోగమ్మ గొంతు పగిలేలా అరిచింది.

వీధి చివర రోడ్డుకడ్డంగా వెదురు బొంగు కట్టేసి ఉంది. మేనల్లుడు ధనుంజయ కర్ర పట్టుకుని కాపలా కాస్తున్నాడు.

"మావా, ఎనక్కెల్లిపోండి. ఎవులూ దాటకూడదని ఊరి కట్టుబాటు."

ఇంటి దగ్గర్నుంచి పెళ్లాన్ని తిడుతూ వచ్చిన అసిరయ్య ఒక్కసారిగా మేనల్లుడి మీద పడ్డాడు.

"తియ్యరా అడ్డు! మీ అత్తకి కేన్సరు. నడవాల. ఒడ్డున పడవలు తప్ప పురుగు నేదు, ఎవులికంటిత్తాదిరా?"

"అయితే అత్తనొక్కర్తినీ ఎల్లమను. నువ్వెందుకు? ఇంటికెల్లి పడుకో."

జోగమ్మ మొహం పాలిపోయింది. మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అది పడిపోతే నువ్వు లేపుతావేట్రా? ముట్టుకుంటే రోగమొస్తాదని ఆమడ దూరంలో నిలబడ్డోడివి! సిగ్గునేదూ?" అసిరయ్య తనే బొంగు పైకెత్తాడు. ధనుంజయ కర్ర లేపాడు. "కొట్రా! మీ మావని కొట్టు, సూత్తాను!"

ధనుంజయ పక్కకి తప్పుకున్నాడు.

ఇద్దరూ సముద్రం ఒడ్డున తడి ఇసకలో నడిచారు. కరోనాని, ఊరి పెద్దల్ని, డాక్టర్ని, ఆఖరికి గంగమ్మ తల్లిని కూడా అసిరయ్య దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు. సగం దూరంలో ఆగి రొప్పాడు.

"ఇంక సాలే."

"నా కోసం. ఇంకొంచెం."

"నీ కోసమే సచ్చిపోతన్నాను!" అని విసుక్కుంటూనే మళ్లీ కదిలాడు. ఏరు సముద్రంలో కలిసే చోటిదాకా వెళ్లి తిరిగొచ్చారు.

అతను తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే టెక్కలి నుంచి కూతురు ఉమ ఫోన్ చేసింది. జోగమ్మ పెరట్లోకి పోయి గొంతు తగ్గించింది.

"ఏటమ్మా, ధనుంజయ బావ మీద కలబడ్డాడట నాన్న?"

"నా నడక కోసం ఊరితోటే తగువేసుకున్నాడే. రేపు బొంగు కాదు, గోడ కట్టినా దూకుతాడు." జోగమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అవతల ఉమ కూడా గొంతు తగ్గించింది.

"కేన్సరు నీక్కాదు, తనకేనని నాన్నకెప్పుడు సెప్తావమ్మా?"