పిల్లల్ని చూడటానికి వచ్చినాయన

ముందు వరసలో ఉన్న మనిషి మళ్లీ వెనక్కి తిరిగాడు.

తెర మీద బొమ్మల సినిమా నడుస్తోంది. ఆయన మాత్రం తెర వైపు చూడటం లేదు. పిల్లల్నే చూస్తున్నాడు.

అనీసా కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

ఆమె నరసరావుపేటలో ఓ చిన్న స్కూల్లో టీచరు.

"మనవాళ్లే తీసిన బొమ్మల సినిమా అంట. బాగుంటే స్కూలు పిల్లలందర్నీ తీసుకెళ్దాం. ముందు మీరు చూసి చెప్పండి మేడమ్" అన్నారు హెడ్మాస్టరు. అందుకే ఆదివారం మార్నింగ్ షోకి ఎనిమిదేళ్ల కూతురు సిద్దికాని వెంటబెట్టుకుని వచ్చింది.

హాల్లో పాతిక మంది కూడా లేరు. సినిమా మాత్రం అయిదు నిమిషాల్లోనే ఆమెను కట్టిపడేసింది.

కల్లంలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. కొంగు మూతికి చుట్టుకుని రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరిపారేస్తున్న నాయనమ్మ. ఆ ఘాటుకి దూడ తుమ్మింది. దాన్ని చూసి కుక్క తుమ్మింది. పిల్లలు పగలబడి నవ్వారు.

'ఎవరో మా ఊరి కల్లంలోనే కూర్చుని గీసినట్టుందే!' అనుకుంది అనీసా.

ఆ మనిషి కూడా నవ్వుతున్నాడు. బొమ్మల్ని చూసి కాదు, పిల్లల మొహాలు చూసి.

అరవై ఏళ్లుంటాయి. నలిగిన తెల్లచొక్కా. గడ్డం మాసి ఉంది. పక్కన పెళ్లాం లేదు, మనవలు లేరు.

ఇంటర్వెల్ అయ్యాక ఆయన లేచి వచ్చి, సరిగ్గా వీళ్ల వెనక సీట్లో కూర్చున్నాడు.

అనీసా కూతురి చెయ్యి పట్టుకుంది. సీటు మారదామంటే సిద్దికా కదలదు. కళ్లప్పగించి చూస్తోంది.

తెర మీద వాన మొదలైంది. ఇంటిల్లిపాదీ కాయల మీద పట్టాలు కప్పే హడావిడిలో ఉండగా దూడ తప్పిపోయింది. వాగు పొంగుతోంది. దూడ అరుపు ఒక్కటే వినిపిస్తోంది.

సిద్దికా వెక్కివెక్కి ఏడవసాగింది.

వెనక నుంచి ఓ చెయ్యి వచ్చి పిల్ల తల మీద వాలింది.

"భయపడమాకు తల్లీ. దూడకేం కాదు."

అనీసా ఆ చేతిని విసిరికొట్టి లేచింది.

"ఎవరయ్యా నువ్వు? పిల్ల మీద చెయ్యేస్తావేంటి? ఇందాకటి నుంచీ చూస్తున్నా!"

వెనక వరసల్లోని మగవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఒకతను ఆయన కాలరు పట్టుకున్నాడు.

"ఎవరితో వచ్చావు?"

"ఒక్కణ్ణే బాబూ."

"పిల్లల సినిమాకి ఒక్కడివే ఏం పని?"

ఆయన తడబడ్డాడు.

"పిల్లల్ని చూద్దామని వచ్చానయ్యా."

చెంప ఛెళ్లుమంది.

గేటు దగ్గరుండే జక్రయ్య టార్చిలైటు వేసుకుంటూ వచ్చాడు.

"నడువు బయటికి."

"ఇంకో పావుగంటే బాబూ. అయిపోయేదాకా ఆ గోడవారన నిలబడతా. ఎవరి జోలికీ రాను. నీకు దణ్ణం పెడతా."

"పోలీసుల్ని పిలవమంటావా?" అంది అనీసా.

ఆయన చెంప పట్టుకుని నడిచాడు. గుమ్మం దాటుతూ మాత్రం జక్రయ్యతో మెల్లగా అన్నాడు.

"తలుపు చప్పుడు చెయ్యకుండా వెయ్యి నాయనా. పిల్లలు సినిమాలో ఉన్నారు."

అనీసా కూర్చుంది.

తెర మీద తెల్లవారింది. మోకాళ్లలోతు బురదలో, దూడని భుజాల మీద మోసుకుంటూ వాగు దాటి వచ్చింది నాయనమ్మ.

పిల్లలంతా ఒక్కసారి సీట్లెక్కి నిలబడ్డారు. ఈలలు, చప్పట్లు. సిద్దికా ఏడుస్తూనే నవ్వుతోంది. అనీసా కళ్లు తుడుచుకుంది. ఇంత మంచి సినిమా చూసి ఎన్నాళ్లయిందో!

బయటికి రాగానే ఫోన్ తీసి హెడ్మాస్టరుకి మెసేజ్ టైపు చేయసాగింది. 'సార్, తప్పకుండా తీసుకొద్దాం. ఒక్క పిల్ల కూడా మిస్ కాకూడదు...'

అప్పుడే భోజనం ముగించుకుని వచ్చిన థియేటర్ మేనేజరు, గేటు దగ్గర జక్రయ్యని అడుగుతున్నాడు.

"తెల్లచొక్కా పెద్దాయన, యలమందయ్య గారు ఏరి? నేనే టికెట్ ఇచ్చి లోపల కూర్చోబెట్టి వెళ్లా."

జక్రయ్య తల వంచుకున్నాడు.

"ఆయనా... గుంటూరు బస్సెక్కేశాడండి. పది నిమిషాలైంది."

"అయ్యో! సినిమా అవ్వకుండానే వెళ్లిపోయారా?"

అనీసా వేలు ఫోన్ మీదే ఆగిపోయింది.

"ఆయన... ఎవరండీ?"

"ఈ బొమ్మలన్నీ ఆరేళ్లు కూర్చుని గీసినమ్మాయి వాళ్ల నాన్న మేడమ్, ఆ పిల్ల గుంటూరు ఆస్పత్రిలో మంచం దిగలేకుండా ఉంది, రేపు పొద్దున పెద్ద ఆపరేషను, ఈలోగా పిల్లలు ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఏడ్చారో, ఆఖర్లో ఏం చేశారో కళ్లారా చూసి వచ్చి చెప్పు నాన్నా అని ఆయన్ని పంపించింది."