అడ్డుపుల్ల మాస్టారు

అందరూ లేచి నిలబడి మౌనం పాటిస్తుండగా ఎవరో బిస్కెట్ కొరికిన చప్పుడు వినిపించింది.

జాగ్రఫీ లెక్చరరు కళ్ళు తెరిచి చూసింది. ఎకనామిక్స్ హెడ్డు తల భక్తిగా వంచుకునే ఉన్నాడు, దవడ మాత్రం ఆడిస్తున్నాడు. ఆయన పక్కనున్న పెద్దమనిషి బల్ల కింద ఫోను చూసుకుంటున్నాడు.



పోయినాయన స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు. యూనివర్సిటీ అంతా ఆయన్ని అడ్డుపుల్ల మాస్టారు అనేది. అధ్యాపకుల మండలి ఏది తలపెట్టినా ఆయన లేచి, అభ్యంతరం ఉందనేవాడు. ఒక్కరు అభ్యంతరం చెప్పినా ఆ విషయం వాయిదా పడాలని మండలి నియమం. అందుకని ఆయన కుర్చీ కదిలిందంటే చాలు, మిగతావాళ్ళు ఆముదం తాగినట్టు మొహాలు పెట్టేవాళ్ళు.

ఇప్పుడు అవే మొహాలు ఆయన్ని పొగుడుతున్నాయి.

డీన్ గొంతు వణికించుకుంటూ, మండలికి వెన్నెముక విరిగిందన్నాడు. ఎకనామిక్స్ హెడ్డు ఆయన్ని మహర్షి అన్నాడు. కూర్చుంటూనే, ఆ మహర్షి గది తాళం ఎవరి దగ్గరుందని పక్కాయన చెవిలో ఊదాడు. ఆ గదికి రెండు పెద్ద కిటికీలున్నాయి. మనిషి పోయి వారం తిరగలేదు, అప్పుడే గది కోసం ముగ్గురు డీన్ చుట్టూ తిరుగుతున్నారు.

ఛీ, ఏం మనుషులు అనుకుంది ఆమె.

అలాగని పోయినాయన మీద ఆమెకేమీ ప్రేమ కారిపోవడం లేదు. ఉన్నదల్లా ఒళ్ళుమంట.

కొన్నేళ్ళ కిందట ఆమె ఉద్యోగం పర్మనెంటు చేసే విషయం ఇదే గదిలో చర్చకు వచ్చింది. ఎవరి సంగతి మాట్లాడుతుంటే వాళ్ళూ, వాళ్ళ తాలూకువాళ్ళూ బయట బెంచీ మీద కూర్చోవాలి. ఆమె కూర్చుంది. మూసిన తలుపు వెనక గుసగుసలు తప్ప మరేమీ తెలియలేదు. ఉన్నట్టుండి ఒక గొంతు ఖంగుమంది.

"నాకు అభ్యంతరం ఉంది."

అంతే, ఆమె ఉద్యోగం నెలల తరబడి గాలిలో వేలాడింది. ఇంట్లో నాన్న మంచాన పడి ఉన్నాడు, తమ్ముడి చదువు ఇంకా కాలేదు. ఆ నెలలన్నీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. చివరికెలాగో పర్మనెంటయింది. ఆ తరవాత వరండాలో ఆయన ఎదురుపడి బాగున్నావా అమ్మా అంటే మొహం తిప్పుకుని వెళ్ళిపోయేది. ఆయన కూడా మొండివాడే, పలకరించడం మానలేదు. ఆమె మొహం తిప్పుకోవడమూ మానలేదు.

ఇవాళ ఆ బెంచీ మీద ఆయన భార్య కూర్చుని ఉంది.

లైబ్రరీలో చదువుకునే గదికి ఆయన పేరు పెట్టమని విద్యార్థులు అర్జీ ఇచ్చారు. ఆ గదిని గెస్టుహౌసుగా మార్చబోతే అడ్డం పడి ఆపింది ఆయనేనట. మండలి ఏమంటుందో నేరుగా వినాలని ఆవిడ పొద్దున్నే వచ్చి కూర్చుంది.

డీన్ అర్జీ చదివాడు. పేర్ల విషయంలో నియమం మరీ గట్టిది. ఒక్కరు కాదన్నా ఆ పేరు మళ్ళీ మండలి ముందుకు రాకూడదు. ఎవరికైనా అభ్యంతరమా అని అడిగి, డీన్ ఒక్కొక్కరి మొహమూ వెతికాడు. అందరూ తమ తమ టీకప్పుల్లోకి చూసుకున్నారు.

వీళ్ళలో ఎవరికీ ఇష్టం లేదు, చెప్పడానికి ఎవరికీ నోరు లేదు అనుకుంది ఆమె. ఈ గదిలో ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి తనొక్కతే అనిపించింది. లేచి నిలబడింది.

"నాకు అభ్యంతరం ఉంది. పక్కవాళ్ళ బతుకులకు అడ్డం పడటమే పనిగా పెట్టుకున్న మనిషి పేరు ఆ గదికి వద్దు."

గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

ఎవరూ వాదించలేదు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు డీన్ కాగితం మడిచేశాడు.

తలుపు తీసేసరికి బెంచీ దగ్గర ఆవిడ అప్పటికే లేచి నిలబడి ఉంది. డీన్ ఏదో నసగబోయాడు.

"వినబడిందండీ," అంది ఆవిడ.

చేతిసంచి భుజానికి తగిలించుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగింది. ఎవరి వైపూ చూడలేదు.

పాత బాకీ తీరిపోయిందన్న సంతోషం వస్తుందేమోనని లెక్చరరు కాసేపు ఎదురుచూసింది. రాలేదు.

డీన్ టీ జుర్రుకుంటూ దగ్గరికొచ్చాడు. ఆయన మొహం విప్పారి ఉంది.

"బతికించావు తల్లీ. ఆ గదికి మన బిల్డరు గారి నాన్నగారి పేరని ఎప్పుడో మాటిచ్చేశాను. ఈ ముసలాడి పేరు కాదనేదెవరా అని చస్తున్నాను. ఇంతకీ నీకెందుకమ్మా ఆయన మీద అంత కోపం?"

"నా ఉద్యోగానికి అడ్డం పడ్డాడు కదండీ."

డీన్‌కి పొలమారింది. నవ్వాపుకోలేక కప్పు పక్కన పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

"నీ ఉద్యోగానికా? భలేదానివే. ఆ రోజు నిన్ను సాగనంపి, ఆ కుర్చీలో మా అల్లుణ్ణి కూర్చోబెడదామని అందరం ఒక్కమాట మీద ఉన్నాం. ఇప్పుడనుకుంటే ఏముందిలే, ఆయన సాగదీసిన ఆ నెలల్లోనే మావాడికి వేరేచోట దొరికింది."

ఆమె చేతిలో టీ చల్లారిపోతోంది.

"ఆ రోజు ఆయనేమన్నారు?"

"ఏమంటాడు, బల్ల గుద్దాడు. బయట కూర్చున్న పిల్లని లోపలికి పిలిచి ఒక్కమాటైనా అడక్కుండా తీసేసేటట్టయితే, ముందు నన్ను తీసేయండి అన్నాడు, చాదస్తపు మనిషి."