రెండు సీసాల పెరుగు

పరదేశి అరుగు మీద ఇత్తడి గొట్టం ఉన్న యంత్రం ఒకటి నిలబడి ఉంది.

దాని మీదికి వంగి, ఒక కన్ను మూసి చూస్తోంది సీతామహాలక్ష్మి. పంతులుగారి అమ్మాయి. విశాఖపట్నంలో పెద్ద చదువు చదువుతోంది. పెరుగులో ఉండే పురుగుల మీద.

చదవడానికి ఇంకేమీ దొరకలేదా అని చోడవరం అంతా నవ్వింది. ఆ పిల్ల ఇంటింటికీ వచ్చి పాలల్లో వేసే తోడు అడిగినప్పుడు మాత్రం, ఆ నవ్విన వాళ్ళే సీసా అంచుదాకా నింపి ఇచ్చారు.

అది కిందటి నెల సంగతి. ఇవాళ ఏదో వింత చూపిస్తానని యంత్రంతో సహా వచ్చింది.

"పరదేశి బాబాయ్, ఓసారి చూడు."

పరదేశి చూశాడు. నీలిరంగులో సన్నగా గొలుసులు.

"ఇవేటమ్మా, పూసల దండలా?"

"పాలని పెరుగు చేసేవి ఇవే. చూడ్డానికి రంగు వేశాను గనక ఇవి చచ్చిపోయాయి. సీసాలోవి బతికే ఉన్నాయి."

"అయితే రోజూ ఇన్నేసి పేణాల్ని అన్నంలో కలుపుకుని తింతన్నానా? ఒసే మంగా, ఇన్నావా?"

లోపల అతని పెళ్ళాం మంగాయమ్మ తలుపు చాటుకి జరిగింది.

సీతామహాలక్ష్మి రెండు గాజుపళ్ళేలు పక్కపక్కన పెట్టింది. రెండింటిలోనూ, సీసాల్లోని పెరుగు వేసి పెంచిన ఆవగింజంత పసుపు చుక్కలు.

"వీధిలో ఏ ఇంటి పెరుగు దానిదే బాబాయ్. ఈ పసుపు చుక్కలు మాత్రం రెండే ఇళ్ళలో వచ్చాయి."

"ఎవరెవరివి?"

"మీదీ, బంగార్రాజు బాబాయ్‌దీ."

పరదేశి మొహం ముడుచుకుంది.

బంగార్రాజు అతని తమ్ముడు. నడుమ ఒక్క గోడ. బెల్లం వండే పెనంలోకి ఎవరి చెరుకు రసం ముందెక్కాలన్న పేచీతో వేరుపడ్డారు. నేల పంచుకున్నారు. గేదెల్ని పంచుకున్నారు. పెనాన్ని ఎవరికీ దక్కకుండా తుప్పు పట్టించారు. ఆ ఒక్క పనీ అన్నదమ్ములిద్దరూ కలిసి చేశారు.

మీరిద్దరూ మాట్లాడుకున్న రోజున కబురు చెయ్యండని, తల్లి అచ్చియ్యమ్మ కె.కోటపాడులో కూతురింటికి పోయింది.

ఆ కబురు ఇంకా వెళ్ళలేదు.

"ఆడింటి మంచినీళ్ళు కూడా ముట్టను నేను," అన్నాడు పరదేశి. "పెరుగెలాగ ఒకటవుద్ది?"

"మొదటి తోడు ఒకటే అయ్యుంటుంది. నిన్నటి పెరుగే గదా ఇవాళ్టి పాలల్లో వేసేది. ఇవి ఒకటి రెండుగా చీలతాయి, రెండూ నాలుగవుతాయి. ఎన్ని చీలినా అదే జాతి."

"ఇడిపోయేక దెబ్బలాడుకోవా?"

"వాటికి పెనం లేదు గదా బాబాయ్."

పరదేశి నవ్వలేదు. మళ్ళీ గొట్టంలోకి వంగాడు. ఈసారి చాలాసేపు లేవలేదు.

"మాయమ్మ తోడే," అన్నాడు చివరికి. "ఏరుపడ్డ రోజున కుండ కాడ కూకుని రెండు గిన్నెల్లో ఏసింది. ఎవుడికీ సుక్క ఎక్కువెయ్యలేదు. ఇన్నేళ్ళూ అలాగే ఉన్నాయా ఇవి?"

"అలాగే ఉన్నాయి. నేను రాయబోయేదీ అదే."

పరదేశి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ ఎదవకి ఈ సంగతి తెలీదు," అంటూ, చెప్పులైనా వేసుకోకుండా అరుగు దిగి పక్కింటి వైపు వెళ్ళిపోయాడు.

అతను అటు వెళ్ళగానే మంగాయమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మాయిగారూ, అలాగ రాయకండి."

"ఏం పిన్నీ?"

"ఆ సీసాలోది మా పెరుగు కాదు."

సీతామహాలక్ష్మి చేతిలోని గాజుపళ్ళెం మూత కింద పెట్టేసింది.

"మాది నీళ్ళలాగుంటాది. పట్నం ఎల్లి పదిమంది సదువుకున్నోళ్ళు సూసేది. మార్కులు తక్కువేస్తే మా ఇంటి పరువేటవుద్ది? గోడ మీంచి సిన్నతల్లినడిగి, అదిచ్చింది మీ సీసాలో పోసేను."

చిన్నతల్లి బంగార్రాజు పెళ్ళాం.

"అంటే మీరిద్దరూ మాట్లాడుకుంటారా?"

"మాకేటి పేచీ అమ్మా? మొగోళ్ళు పొలమెల్లేక అన్నీ సెప్పుకుంటాం. గుసగుసగా."

"మరి మీ అత్తగారి తోడు?"

"ఆళ్ళింట్లో ఉంది. మాది గేదె ఒట్టిపోయినప్పుడే సెడిపోనాది. పాలమ్మే సన్యాసమ్మ కాడ తెచ్చుకున్నాను. ఆయనకి సెప్పలేదు. అమ్మ తోడు, అమ్మ తోడు అని లొట్టలేసుకుని తింతాడు. ఎలాగ సెప్పను?"

సీతామహాలక్ష్మి పళ్ళేల వైపు చూసింది. యంత్రం మోసుకుని ఇంతదూరం వచ్చింది ఆ వింత కోసమే.

"బాబాయ్‌కి నేను చెప్పనా?"

మంగాయమ్మ పక్కింటి వైపు చెవి పెట్టి నిలబడింది.

బంగార్రాజు గొంతు.

"ఏటన్నయ్యా, సెప్పుల్లేకుండా ఒచ్చేవు? ఎవరైనా పోయారేటి?"

"నోర్ముయ్‌రా. అలా కూకో. మనింటి పెరుగు గురించి ఓ మాట సెప్పాలి."

సీతామహాలక్ష్మి పరదేశి పేరున్న సీసా చేతిలోకి తీసుకుంది. దాని మీద చీటీని గోటితో గీకి, ఉండ చుట్టి, వీధిలోకి విసిరేసింది.

"నా లెక్కలో ఈ వీధికి ఒక ఇల్లు తగ్గింది. ఫరవాలేదు పిన్నీ."

మంగాయమ్మ లోపలికి వెళ్ళి ఉట్టి మీది కుండ దించింది. ఉన్న పెరుగంతా తీసుకెళ్ళి పెరట్లో అరటి మొదట్లో పారబోసింది.

గిన్నె కడిగి, గోడ మీదుగా చాచి, గట్టిగానే పిలిచింది.

"ఒసే సిన్నతల్లీ! దీపాలెట్టకముందే కాస్త తోడెట్టే."