పాలాయన చక్రం

“మళ్ళీ ఆ పాలాయనేనా?” అన్నాడు ముసలాయన, సైకిలు చక్రాన్ని ఎగాదిగా చూసి.

“ఆయనే మామయ్యా. వంతెన దగ్గర గోతిలో దించాడట.”

“నిన్న కూడా గోతిలోనేగా దించింది?”

“నిన్నటిది చిన్న గొయ్యి,” అంది కోడలు, ముఖం పక్కకి తిప్పుకుని.

“వాడివి కళ్ళా, చొక్కా కాజాలా? పాలు పోస్తున్నాడా, గోతుల లోతు కొలుస్తున్నాడా? తే ఇటు.”

ఆ ‘తే ఇటు’ అనే మాట కోసమే ఆమె పొద్దుటి నుంచీ కాచుకుని ఉంది.

ముసలాయనది ఒకప్పుడు సైకిళ్ళు కట్టిన చెయ్యి. కొన్న పనిముట్టు పట్టుకుంటే ఆయనకి ఎవరి చెప్పులో తొడుక్కున్నట్టుండేది. అందుకని అన్నీ సొంతంగా చేసుకున్నాడు. విరిగిన సైకిలు ముందు ఫోర్కుని తలకిందులుగా చెక్కకి బిగిస్తే, అది చక్రం బెండు తీసే స్టాండు. దాని రెండు పక్కలా రెండు బోల్టులు. తిరిగే రిమ్ము ఎక్కడ బోల్టుకి రాసుకుని కిర్రుమంటే అక్కడ వంకర. అప్పుడు స్పోకుల కొనల్లో ఉండే చిన్న నిపిళ్ళని, వాటికని ఉండే తాళంతో తిప్పి, ఒక స్పోకు బిగించి, ఇంకోటి వదులు చేసి దారికి తెచ్చేవాడు. ఆ తాళమూ ఆయన చేసిందే. తెగిన గొలుసు ముక్కని కర్రపిడికి కొట్టి పళ్ళచక్రం ఊడదీసే పనిముట్టు చేశాడు. అన్నీ ఆయన చేతికొలతే. వేరేవాళ్ళు పట్టుకుంటే పెంకి దూడల్లా మొరాయించేవి.

మొన్న వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చినవాడు వచ్చినట్టే గోడవైపు తిరిగి పడుకున్నాడు. చేతికి పని చెప్పకపోతే ఉన్న కాస్త కదలికా పోతుందన్నాడు డాక్టరు. పిసకమని రబ్బరు బంతి ఇస్తే, “నేనేమన్నా ఉయ్యాల్లో పిల్లాణ్ణా?” అని మూలకి విసిరేశాడు. తిండి సగమైంది. మాట అంతకన్నా తగ్గింది.

“ఆ ఇనుమంతా కళ్ళబడుతుంటే నాన్నకి ఇంకా దిగులు. పాతసామాన్లవాణ్ణి పిలిచి షెడ్డు ఖాళీ చేయిస్తాను,” అన్నాడు కొడుకు.

“కొన్నాళ్ళు ఆగండి,” అంది కోడలు.

గోతుల్లో పడే పాలాయన అలా పుట్టాడు. రోజూ వాకిట్లో పాలుపోసే అసలు పాలాయనకి ఈ సంగతే తెలియదు. కోడలు అటక మీది పాత చక్రం దించింది. మామయ్య మధ్యాహ్నం కునుకు తీసేవేళ పెరట్లో కూర్చుని కొన్ని స్పోకులు వదులు చేసేది. నిపిల్ తాళం ఆయన తలగడ కింద ఉండేది కనక, ఇంట్లో ఉన్న కటింగ్‌ప్లేయరే దిక్కయింది. పని అయ్యాక రిమ్ముకి కాస్త బురద పూసేది, చూసినవాళ్ళు గొయ్యి ఎక్కడని అడిగేటట్టు.

మొదట్లో ముసలాయన ఎడమచేత్తోనే తిప్పాడు. తర్వాత కుడిచెయ్యి తోడుకి వచ్చింది. తిట్లకి పదును వచ్చింది. తిట్లతోపాటు ఆకలీ వచ్చింది.

ఈమధ్య ఇంకో విడ్డూరం. చిన్న ఇనపముక్కని వైసులో బిగించి, కుడిచెయ్యి వణుకుతున్నా వదలకుండా ఆకురాయితో అరగదీస్తున్నాడు.

“ఏంటది మామయ్యా?”

“మీ పాలాయన రోగానికి మందు. రేపు వాణ్ణి నా దగ్గరికి పంపు. ముఖాముఖి మాట్లాడాలి.”

“అలాగే మామయ్యా,” అంది కోడలు.

తెల్లవారి గుమ్మంలోనే పాలాయన్ని పట్టుకుంది.

“నేనెప్పుడు పడ్డాను చెల్లెమ్మా?” అని నోరు తెరిచాడు ఆయన. “నా సైకిలు చూడు, పెళ్ళికూతురిలా ఉంది!”

“ఉంటే ఉందిలే అన్నయ్యా. ఈ ఒక్కపూటకీ పడ్డానని ఒప్పుకో. అబద్ధమని తెలిస్తే ఆయన మళ్ళీ గోడవైపు తిరిగిపోతారు. ఈసారి నావల్ల కాదు, ఇటు తిప్పడం.”

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి పాలాయన క్యాన్లు దించాడు. “సరే. ఊరికే పడ్డాననాలా, తాగి పడ్డాననాలా?”

“పడ్డావు. అంతే చాలు.”

షెడ్డులో ముసలాయన ఎత్తుపీట మీద కూర్చుని ఉన్నాడు.

“ఏం నాయనా, ఊళ్ళో గోతులన్నీ నీ పేర రాసిచ్చారా?”

“ఏం చెయ్యను పెద్దాయనా, రోడ్డు అట్లా ఏడిసింది.”

“నిన్న పడ్డప్పుడు చక్రం ఏ పక్కకి వంగింది?”

పాలాయన కోడలి వంక చూశాడు. ఆమె నేల వంక చూసింది.

“రెండు పక్కలకీ.”

“పాలు ఒలికాయా?”

“ఒలికాయి... అబ్బే, లేదు. కొంచెం.”

ముసలాయన చప్పున అటు తిరిగి గోడకి తగిలించిన పనిముట్లు సర్దసాగాడు. ఆయన భుజాలు అదరడం చూసి కోపమనుకుంది కోడలు.

“సరే, వెళ్ళిరా నాయనా. పొద్దెక్కితే పాలు విరిగిపోతాయి,” అన్నాడు ఇటు తిరగకుండానే.

పాలాయన బతుకుజీవుడా అని బయటపడ్డాడు.

“ఆయనకి మందిస్తానన్నారుగా మామయ్యా?” అంది కోడలు, పీలగొంతుతో.

“ఇటు రా. చెయ్యి చాపు.”

అరచేతిలో ఏదో పెట్టాడు. కొత్త నిపిల్ తాళం. దానికి నున్నగా చెక్కిన కర్రపిడి. వేళ్ళు ముడిస్తే కొలత తీసినట్టు అమరింది. మామయ్య గుప్పిట్లో అయితే కనబడకుండా పోయేది. ఆమె అయోమయంగా తలెత్తింది.

“రేపటి నుంచి దీంతో వదులు చెయ్యి తల్లీ, ప్లేయరుతో నిపిళ్ళు పాడవుతున్నాయి.”