చెంప మీది ఉప్పు

తోడికోడలు రాజ్యశ్రీ చేతుల్లోంచి తన పిల్లాణ్ణి తీసుకుని ముద్దు పెట్టుకున్నప్పుడల్లా హిమజ పెదాలకు ఉప్పు తగిలేది. పిల్లల్లేని మనిషి, వీడి మీద పడి ఏడుస్తోందన్నమాట అనుకునేది. తన దగ్గర గుక్కపట్టే వాడు ఆవిడ భుజమెక్కగానే నిద్రపోతుంటే హిమజకు ఒళ్లు మండేది.

వాడి చెంప తుడిచేది. గుప్పెడు కల్లుప్పుతో దిష్టి తీసి నీళ్లలో పోసేది.

జగ్గయ్యపేట మే ఎండలకి వాడు పాలు మానేసి తోటకూర కాడలా వాలిపోయాడు. తోడికోడళ్లిద్దరూ వాణ్ణెత్తుకుని నందిగామ ఆసుపత్రికి పరుగెత్తారు.

"నీ కళ్లే పడ్డాయక్కా! ఎత్తుకున్నప్పుడల్లా ఏడుస్తున్నావు, నాకు తెలీదనుకున్నావా?" అంది హిమజ, వార్డంతా వింటుండగా.

రాజ్యశ్రీ వార్డు గుమ్మం దగ్గరికి జరిగింది. మళ్లీ వాణ్ణి ముట్టుకోలేదు.

డాక్టరు పిల్లాడికి చేయించిన చెమట పరీక్ష ఫలితం వచ్చింది.

"పుట్టుకతో వచ్చిన జబ్బమ్మా. ఒంట్లో ఉప్పంతా చెమటలో పోతోంది. ఇకనుంచి మందులాగా రోజూ ఉప్పు పట్టాలి. ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగల్లేదా?" అన్నాడు డాక్టరు.

హిమజ వంగి పిల్లాడి చెంపకు పెదాలు ఆనించింది. అదే ఉప్పు.

తలెత్తింది. గుమ్మం దగ్గర రాజ్యశ్రీ కళ్లు తుడుచుకుంటోంది.

ఆవిడ ఏడవడం హిమజ కళ్లారా చూడటం అదే మొదటిసారి.