పిండి మర మీద ఫిర్యాదు

“ఇళ్ల మధ్య పిండి మర ఉండకూడదట! ఎవడు పెట్టాడీ ఫిర్యాదు? పక్కింటి వడ్రంగేగా?” మర యజమాని నోటీసును పంచాయతీ కార్యదర్శి బల్లమీద విసిరికొట్టాడు.

“పేరు చెప్పకూడదండీ.”

“ఎలా చెబుతావులే! నీ కుర్చీలు వాడు ఊరికే బాగుచేశాడా?”

కార్యదర్శికి ఒళ్లు మండింది. ఫైల్లోంచి కాగితం తీసి ముందుకు తోశాడు.

‘మర దుమ్ము ఇంట్లోకి కొడుతోంది. నాకు ఊపిరాడటం లేదు. ఆయన చెబితే వినే మనిషి కాదు. మరను ఊరి బయటికి మార్పించండి. నేను రాశానని ఆయనకు తెలియనివ్వకండి.’

కింద ఉన్నది మర యజమాని భార్య సంతకం. ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో పోయి ఏడాదైంది.

దొంగ సంతకమేమోనని కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. ఆ గొలుసుకట్టు రాత ఆమెదే.

“మూడేళ్ల కిందటిదిది! అప్పుడే ఎందుకు మార్పించలేదయ్యా?”

“మీరే సాగనివ్వలేదు కదండీ. ఎవరో గిట్టనివాళ్ల పని అని కేకలేసి, కాగితం చదవకుండానే ఫైలు మూయించారు. మొన్న తనిఖీకి వచ్చినవాళ్లు మళ్లీ తెరిపించారు.”

అతనికి ఆ రోజు గుర్తొచ్చింది. ఇంటికి వెళ్లి, రాసినవాడి చెయ్యి పడిపోవాలని భార్య ఎదుటే తిట్టిపోశాడు. ఆమె దగ్గు ఆపుకుంటూ అన్నం వడ్డించింది.